సూక్ష్మజీవుల వంటవాడు పాల్ రాజ్

మా పక్కింటి పాల్ రాజ్ ఇరవై రెండేళ్ళుగా వంట చేస్తున్నాడు. పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెడితే మధ్యాహ్నానికల్లా కోట్ల మందికి సరిపడా వండి పక్కన పెడతాడు. తినేవాళ్ళలో ఒక్కరు కూడా ఇంతవరకు ఉప్పు చాలలేదని అనలేదు. అనడానికి వాళ్ళకు నోరు లేదు, మామూలు కంటికి కనబడనే కనబడరు.

డిచ్‌పల్లి దగ్గర యూనివర్సిటీ క్యాంపస్‌లో సూక్ష్మజీవుల ల్యాబ్ ఒకటుంది. పాల్ రాజ్ అక్కడ అటెండరు. విద్యార్థులు పరీక్షలు చేసే బ్యాక్టీరియాకు తిండి తయారు చేయడం అతని పని. ఆ తిండిని వాళ్ళు మీడియా అంటారు. మాంసం రసం పొడి, ఉప్పు, నీళ్ళు, కొన్నిటికి గ్లూకోజు, గడ్డకట్టడానికి అగర్ అనే సముద్రపు నాచు పొడి, అన్నీ కలిపి పెద్ద కుక్కర్ లాంటి దాంట్లో ఉడికించి గాజు పళ్ళేల్లో పోస్తాడు. చల్లారాక అది జున్నులా పేరుకుంటుంది. దానిమీద బ్యాక్టీరియా ఉన్న ఒక్క చుక్క రాసి, ముప్ఫై ఏడు డిగ్రీల వెచ్చదనముండే ఇంక్యుబేటర్ పెట్టెలో పెడితే తెల్లారేసరికి నిజామాబాద్ జనాభాకు ఎన్నో రెట్లు తయారవుతాయట.

"ఈ-కోలై పాపం వంక పెట్టదు సార్, ఏది పెడితే గది తింటది" అని గోడ మీద మోచేతులు ఆనించి నాకు చెప్పేవాడు. "కొన్నిటికి సోకులెక్కువ. గొర్రె నెత్తురు కలిపితే తప్ప ముట్టయ్."

ఇంట్లో మాత్రం ఈ మహానుభావుడు టీ కూడా పెట్టుకోడు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో వంటింట్లోకి వెళ్ళింది మంచినీళ్ళ కోసమే. భార్య ఆశా బోధన్ దగ్గర చెరుకు తోటల మధ్య ఊరి నుంచి వచ్చింది. మాట తక్కువ మనిషి. చర్చిలో పాట ఎత్తుకోదు, పైకి ప్రార్థన చేయదు, స్త్రీల సమాజంలో ఎవరేమన్నా తల ఊపి ఊరుకుంటుంది. మా చర్చిలో ఆమెకంటూ ఉన్న ఒకే ఒక్క చోటు ప్రేమ విందు గరిటె.

మాది మెథడిస్టు చర్చి. ఏటా కోత పండుగ నాడు పొలంలో పండినదంతా తెచ్చి బలిపీఠం ముందు పెడతాం. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతాం. ఆ తర్వాత అందరం పక్కపక్కన కూర్చుని ఒకే వంట తింటాం. అదే ప్రేమ విందు. ఆ రోజు కోడికూర వండే గరిటె చాలా ఏళ్ళు పాల్ రాజ్ తల్లి సాయవ్వ చేతిలో ఉండేది. ఆమె మోకాళ్ళు మొరాయించాక పదహారేళ్ళుగా ఆశా చేతిలో ఉంది. ఏడాదిలో ఆ ఒక్క పూట ఆశా పేరు అందరి నోటా వినబడుతుంది. ఎవరు పొగిడితే వాళ్ళ విస్తట్లో ఇంకో ముక్క వేస్తుంది. నేను ఏటా మూడుసార్లకు తక్కువ కాకుండా పొగుడుతాను.

పోయిన కోత పండుగకు వారం ముందు పాల్ రాజ్ ల్యాబ్‌కు హైదరాబాద్ నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చాడు. పాల్ రాజ్ పోసిన పళ్ళేలను వెలుతురుకు పట్టి చూసి, ఇంత నున్నగా పోసినవాణ్ణి ఎక్కడా చూడలేదన్నాడట. ఆ మాట మావాడి నెత్తికెక్కింది. ఈ చేతికి ఇంత పనితనం ఉండగా దాన్ని దేవుని పనికి వాడకపోవడం పాపమనుకున్నాడు. పండుగనాడు తెల్లవారుజామునే లేచి, చేతులు కడుక్కుని, పెరట్లో పొయ్యి దగ్గర ఆశా పక్కన నిలబడ్డాడు. గోడకు ఇవతల పళ్ళు తోముకుంటున్న నేను ఆ దృశ్యం చూసి కాసేపు పళ్ళు తోమడం మరిచిపోయాను.

ఆరున్నరకు కూర దిగింది. ఆశా ముందుగా ఒక టిఫిన్ డబ్బా నింపి, చర్చికి రాలేని అత్త కోసమని పక్కన పెట్టి, ఆ తర్వాత గుండిగ మీద మూత వేయబోయింది.

"వేడి మీద మూత పెట్టకు" అన్నాడు పాల్ రాజ్. "చెమట పడ్తది. గా నీళ్ళు కింద పడితే అంతా ఖరాబైతది."

ల్యాబ్‌లో అది నిజమే. వేడివేడిగా పోసి మూత వేస్తే ఆవిరి చుక్కలై రాలి, మీద పెరిగే బ్యాక్టీరియా గుంపులను చెదరగొడుతుంది. అందుకని మీడియా సీసాను చెంపకు ఆనించి, చెంప ఓర్చుకునేంత వేడికి దిగాకే పోస్తారు. గుండిగకు చెంప ఆనిస్తే మసి అంటుతుంది గనుక మావాడు ముంజేయి ఆనించి చూస్తూ గంటసేపు కాపలా కాశాడు. సరిగ్గా ఉందని తేల్చుకున్నాక చూస్తే మూత అప్పటికే బగారా అన్నం మీదికి పోయింది. పచ్చి కోడి ముక్కలు పెట్టిన వెడల్పాటి పళ్ళెం అక్కడే ఖాళీగా ఉంది. దాన్ని గుడ్డతో తుడిచి గుండిగ మీద బోర్లించి, వేడి పోకుండా రెండు బొంతలు చుట్టి, తాడుతో కట్టేశాడు. ఇదంతా నేను కళ్ళారా చూశాను. చూసి మెచ్చుకున్నాను కూడా. నేను లెక్కలు చెప్పి రిటైరైన సార్ని, నాకేం తెలుసు.

ఆ రోజు ప్రసంగంలో పాస్టరయ్య నోవహు ఓడ ఎక్కి ఒక పట్టాన దిగలేదు. తర్వాత వేలంలో ఇద్దరు పసుపు రైతులు ఒక నాటుకోడి కోసం పంతానికి పోయి ముప్పావు గంట పాడారు. ఆ కోడికే విసుగొచ్చి కునుకు తీసింది. విస్తళ్ళు పరిచేసరికి రెండు దాటింది. ఆశా బొంతలు విప్పి కూరలో వేలు పెట్టి చూసింది.

"ఇంకోసారి మసలబెడ్త" అంది.

పాల్ రాజ్ గుండిగకు ముంజేయి ఆనించాడు. "ఎందుకు, ఎచ్చగనే ఉన్నది గదా. మసలబెడితే ముక్క చెదురుతది. జనం ఆకలి మీదున్నరు."

ఆశా అతని వైపు ఒక నిమిషం చూసింది. గరిటె తీసుకుంది. మొదటి వరుసలో మొదటి విస్తరి నాది. మూడుసార్లు పొగిడాను.

మర్నాడు సోమవారం నుంచి, తిన్న ఎనభై మందిలో ముప్ఫై నాలుగు మందిమి మంచం పట్టాం. మంచం పట్టామనడం కూడా అబద్ధమే, మంచం మీద ఉన్నది తక్కువ. అంతకుమించి వివరాలు రాయను. మా ఆవిడ నాకు నీళ్ళు అందిస్తూ, మూడుసార్లు పొగిడినందుకు మూడింతలు అనుభవించమంది.

పాల్ రాజ్‌కూ వచ్చింది. ఆశాకు మాత్రం రాలేదు. వడ్డించే మనిషి కాబట్టి ఆమె తినే వేళకు ఏటా కూర అయిపోతుంది, అన్నమూ దాల్చా పప్పూ మిగులుతాయి. ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా కడుపు నొప్పిలో ఉన్నవాడికి న్యాయం ఎక్కడ గుర్తుంటుంది. వండినామె నిక్షేపంగా తిరుగుతుంటే తిన్నవాళ్ళం పడిపోయామేమిటని గుసగుసలు లేచాయి. చర్చి వ్యవహారాలు చూసే స్టీవార్డు దేవిదాస్ వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు. మధ్యమధ్య లేచి వెళ్ళి వస్తూ పెట్టినందున అది ఐదు ముక్కలుగా వచ్చింది.

"ఆశమ్మ చెయ్యి మారింది. ఆమెనేమంటలేను, మంచి మనిషి. గాని వచ్చే ఏటికెల్లి పట్నంల హోటల్ నుంచి బిర్యానీ ప్యాకెట్లు తెప్పిద్దం. ఆదివారం ఆరాధన అయినంక అందరం కూసొని తీర్మానం చేద్దం."

ఆ మెసేజ్ ఆశా విన్నదని మా ఆవిడ చెప్పింది. విని, ఫోను బోర్లా పెట్టి, బియ్యం ఏరుకుంటూ కూర్చుందట. ఆ సాయంత్రం గోడ మీదుగా చూస్తే పెరట్లో గుండిగను తోముతోంది. అది అప్పటికే తళతళలాడుతోంది. అయినా తోముతూనే ఉంది. నాకు నిజంగా బాధేసింది. పదహారేళ్ళుగా ఆ చేతి వంట తిని, ఒక్క పూట కడుపు చెడగానే అందరం ఆమెను వదిలేశాం.

మంగళవారం కాస్త నిలబడగలిగాక పాల్ రాజ్‌ను చూడటానికి వెళ్ళాను. కళ్ళు లోతుకు పోయి, పెదవులు ఎండిపోయి పడుకున్నాడు. ఆశా చేతిలో ఓఆర్ఎస్ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడి ఉంది.

"తాగవయ్యా" అన్నాను.

"తాగ సార్" అన్నాడు నీరసంగా. "అందుల ఏమున్నదో చూసిండ్రా? గ్లూకోజు, ఉప్పు, నీళ్ళు. గది మీడియా. నేను రోజూ కలిపేటిదే. గిది తాగితే లోపట వాటికి పండుగ. ఇరువై రెండేండ్లు మేపిన, వాటి సంగతి నాకెర్క. పళ్ళెంల తిండి లేకుంటే ఏ పురుగూ పెరగది. మూడు దినాలు నేను తినకుంటే అవి ఆకలికి సస్తయ్."

అన్నం వద్దన్నాడు, గంజి వద్దన్నాడు. ఆశా బలవంతాన డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే సెలైన్ సీసా మీద రాసింది చదివి, ఇదీ మీడియానే అని లేచి వచ్చేశాడట. చదువు కొంచెం ఉన్నవాడికి నచ్చజెప్పడం ఎంత కష్టమో నేను ముప్ఫై ఏళ్ళు బడిలో చూశాను.

లోపలి గదిలోంచి సాయవ్వ గొంతు ఖంగున మోగింది. "పురుగులను ఎండబెడుతుండట నా కొడుకు. వాటికంటే ముందుగాల నువ్వే ఎండుతవ్ బిడ్డా. నేను సుత తిన్న గదే కూర. నాకేమాయె? పగటేల తిన్న, మాపటేల తిన్న. బొక్క సుత ఇడువలే."

గురువారానికి పాల్ రాజ్ లేవలేకపోయాడు. ఆశా ఇక అతన్ని అడగలేదు, ల్యాబ్‌లో రీసెర్చి చేసే సుమన మేడంకు ఫోన్ చేసింది. ఆ పిల్ల చదువుతున్నది సరిగ్గా ఈ కడుపు జబ్బుల బ్యాక్టీరియా గురించేనట. పాల్ రాజ్ జబ్బు సంగతి తెలిసి మంగళవారమే ఆశా చేత అతని మలం నమూనా ఒకటి డబ్బాలో తెప్పించుకుంది. ఇప్పుడు స్కూటీ మీద వచ్చి, ఫోనులో ఒక ఫొటో చూపించింది. ఎర్రటి పళ్ళెం నిండా నల్లటి చుక్కలు.

"సాల్మొనెల్లా అన్నా. నువ్వు పోసిన ప్లేటే."

పాల్ రాజ్ ఆ నీరసంలోనూ ఫొటోను పెద్దది చేసి చూసుకున్నాడు. "మస్తు గుండ్రంగొచ్చినయ్ మేడం" అన్నాడు. ఆ ముఖంలో కొంచెం గర్వం కూడా కనబడింది. ఆశా గోడ వైపు తిరిగింది, నవ్విందో ఏడ్చిందో నాకు కనబడలేదు.

"మరి నువ్వు సోమవారం సంది ఏం తింటలేవు కదా అన్నా. గిన్ని పెరిగినయ్. ఏం తిని పెరిగినయ్?" అంది సుమన.

పాల్ రాజ్ మళ్ళీ ఆ ఫొటో వైపు చూశాడు.

"నిన్ను తిని. నీ కడుపు ప్లేటు కాదన్నా, తిండి తీసేస్తే ఎండిపోనీకి. సాల్మొనెల్లా పోయి పేగు గోడను గెలుకుతది. మన ఒంటికి కోపమొస్తది, పేగు వాస్తది, దాన్ని సంపనీకి ఒళ్ళు మందులు కురిపిస్తది. గా లొల్లిల కొత్త పదార్థాలు పుడ్తయ్. మన పేగుల ఎప్పటికెల్లి ఉన్న మంచి బ్యాక్టీరియాకు వాటిని వాడుకునుడు రాదు. దీనికి వస్తది. మనం గాలి పీల్చినట్టు వాటిని వాడుకుని పెరుగుతది. మన కణాలు దెబ్బతిని పొర ఊడితే అండ్ల ఒక ముక్కను మిగతావి ముట్టయ్, ఇది దాన్ని సుత తింటది. ఒళ్ళు ఇనుమును దాచిపెడితే గాలమేసి గుంజుకుంటది. మన కోపమే దానికి బువ్వ. నువ్వు ఉపాసముంటే దానికేం ఫరక్ పడదు."

"మరి గ్లూకోజు?"

"ఉప్పూ గ్లూకోజు కలిసి చిన్న పేగులనే నీకు ఎక్కుతయ్, నీళ్ళను సుత వెంబడి గుంజుకపోతయ్. గా గ్లాసు నీకోసమే అన్నా, దానికోసం కాదు."

పాల్ రాజ్ గ్లాసు వైపు చేయి చాచాడు. ఆశా వెనక చేయి వేసి లేపి కూర్చోబెట్టి తాగించింది. మొదటి గ్లాసు అయ్యాక రెండోది అతనే అడిగాడు.

నాకు దేవిదాస్ గుర్తొచ్చాడు. మా అందరికీ తగ్గుముఖం పట్టినా అతనికి ఇంకా తగ్గలేదు. డాక్టరుకు చూపించుకోకుండా, మొదటి గంటలోనే మెడికల్ షాపు నుంచి గట్టి యాంటీబయాటిక్ గోలీలు తెప్పించి రెండు రకాలు కలిపి మింగాడు. అంత మందు మింగినా తగ్గలేదేమిటని సుమనను అడిగాను.

"పేగు జిగురుల చక్కెర ఉంటది సార్" అంది సుమన. "మన లోపలి బ్యాక్టీరియా దాన్ని కోసుకుని తింటయ్. అడ్డగోలుగా గోలీలు మింగితే ముందుగాల సచ్చేటివి అవే. కోసిన చక్కెర అట్లనే మిగిలిపోతది, తినేటోళ్ళు ఉండరు. సాల్మొనెల్లా వచ్చి కూసున్న కాడ తింటది. ఆయన దానికి విస్తరేసి కూసుండబెట్టిండు."

పాల్ రాజ్ నాలుగు రోజుల్లో మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. సుమన తర్వాతి ప్రశ్న అడిగింది. "ఇంట్ల తిని కూడా మంచిగున్నోళ్ళు ఎవరన్నా ఉన్నరా?"

"నేనున్న" అంది లోపలి నుంచి సాయవ్వ.

"అవ్వకు ఎప్పుడు తీసిండ్రు అక్కా?"

"పొయ్యి మీదికెల్లి దించంగనే" అంది ఆశా. "సల్లారంగనే ఫ్రిజ్‌ల పెట్టిన. తినేముందు మసలబెట్టి ఇచ్చిన."

"మరి తక్కినది?"

ఆశా కొంగు సర్దుకుంది. చెప్పింది పాల్ రాజే, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. "నేను సల్లార్చిన మేడం. ముంజేయితోని చూసిన. ఓర్చుకునేంత. అంటే నలభై అయిదు డిగ్రీలు. అటెనుక రెండు బొంతలు చుట్టిన. దిగుకుంట దిగుకుంట ముప్ఫై ఏడు దాంక వచ్చుంటది. ఆరేడు గంటలు." అక్కడ ఆగాడు. అతని లెక్క ఎటు పోతోందో అతనికే అందినట్టుంది.

"మూత ఏం పెట్టినవో అది కూడా చెప్పు" అన్నాను నేను. ఇంకా దాచుకోవడం నా వల్ల కాలేదు. "పచ్చి కోడి పెట్టిన పళ్ళెం. నేను చూశాను. చూసి మెచ్చుకున్నాను."

పాల్ రాజ్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. "ఎనభై మందికి ఇంక్యుబేటర్ పెట్టిన" అన్నాడు. కాసేపటికి చేతులు తీసి భార్యను చూశాడు. "మళ్ళ మసలబెడ్త అంటివి గదా. నేనే వద్దంటి. గంత మంది గన్ని మాటలు అంటుంటే ఎందుకు చెప్పలే?"

ఆశా ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆదివారం చర్చి నిండింది. ముప్ఫై నాలుగు మందిలో దేవిదాస్ ఒక్కడే తలుపు పక్కన కుర్చీ వేసుకున్నాడు, ముందుజాగ్రత్తగా. మా చర్చిలో ఆరాధన మధ్య సాక్ష్యాల సమయం ఉంటుంది. దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పుకోవచ్చు. ఎక్కువగా ప్రమోషన్లూ, తగ్గిన జ్వరాలూ వినబడతాయి. ఆ రోజు పాల్ రాజ్ లేచాడు. చొక్కా ఒంటి మీద వేలాడుతోంది.

"మా ఇంటామె వండిన కూర మంచిగనే ఉండె" అన్నాడు. "పొయ్యి మీదికెల్లి తిన్న మా అవ్వకు ఏం గాలే. అటెనుక పాడుజేసింది నేను. పచ్చి కోడి పళ్ళెం మూత పెట్టిన. బొంతలు చుట్టిన. మళ్ళ మసలబెడ్తనంటే వద్దన్న. నాకొచ్చిన పని అదొక్కటే. పురుగులకు ఎట్ల వండుతనో మీకు సుత గట్లనే వండిన. నేను జేసిన మేలంతా సాల్మొనెల్లాకే అయింది. మీరందరు క్షమించాలె. ఆమెను ఏమనకుండ్రి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు, అది వరుస వరుసకూ పాకింది. పాస్టరయ్య కూడా బైబిలు అడ్డం పెట్టుకున్నాడు. నవ్వంతా సద్దుమణిగాక దేవిదాస్ తలుపు దగ్గర నుంచే, ఈసారి కొంచెం మెత్తగా, ఆశాను అడిగాడు. "ఆశమ్మా, నీకు అనుమానముంటే ఆయన వద్దంటే మాత్రం ఎందుకు ఊకున్నవ్? పదారేండ్లు వండినదానివి."

అలా అడిగితే ఆమె తల వంచుకుంటుందనే అందరం అనుకున్నాం. ఆశా లేచి నిలబడింది. ఆమె చర్చిలో నోరు విప్పి మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"అనుమానం కాదన్నా, నాకు ఎర్కనే" అంది. "ఏలు పెట్టంగనే తెల్సింది, మసలబెట్టాలెనని. తప్పు నాది సుత ఉన్నది, ఆయనొక్కనిదే కాదు. పెండ్లయి ఇరువై ఏండ్లాయె. గా దినం పొద్దుగాల లేశి, చేతులు కడుక్కొని, ఏం జెయ్యాల్నో చెప్పు అన్నడు. ఎన్నడూ అనలే గట్ల. నాకు మస్తు సంబురమైంది. ఇప్పుడు నేను కాదంటే మళ్ళ వంటింట్లకు రాడేమోనని భయమైంది. గందుకే ఊకున్న. మీరందరు మంచాలల్ల పడ్డంక సుత గదే చెప్పనీకి నోరు రాలే."

కూర్చుంది. స్త్రీలు ఒక్కొక్కరే తల తిప్పి, నడవకు ఇవతల కూర్చున్న మా మగవాళ్ళ వైపు చూడటం మొదలుపెట్టారు. నేను పాటల పుస్తకంలోకి చూశాను. నాకు అటూ ఇటూ ఉన్నవాళ్ళూ అదే పని చేశారు.

ఆరాధన అయ్యాక తీర్మానానికి కూర్చుంటే దేవిదాస్ బిర్యానీ ప్యాకెట్ల మాట ఎత్తలేదు. గరిటె ఆశమ్మ దగ్గరే ఉంటుందని తనే రాసి, తనే చదివి, సంతకం పెట్టి బయటికి పరుగెత్తాడు. ఇంటికి వచ్చాక మా ఆవిడ చీరైనా మార్చుకోకుండా పొయ్యి వెలిగించబోతుంటే నేను వంటింటి గుమ్మంలో నిలబడి, ఏం చెయ్యాలో చెప్పమన్నాను. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మాట అనడం నాకూ అదే మొదలు. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసి, ముందు సబ్బుతో చేతులు కడుక్కు రమ్మంది.